చెంబులో తొణకని నీళ్లు

ఆ పొద్దున భూమి కదిలిందని ఊరంతా రోడ్డు మీదికి ఉరికొచ్చింది. మా గల్లీ మాత్రం రాలేదు. రాలేదంటే ధైర్యమని కాదు, మాకు తెలియనే లేదు. సాంచెలు నడుస్తుంటే భూమి కదిలితేనేం, కదలకపోతేనేం! మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. చొప్పదండి దిక్కు మాది చిన్న ఊరే అయినా, మా గల్లీలో ఇంటికి రెండో నాలుగో సాంచెలుంటాయి. కరెంటు ఉన్నంతసేపూ అవి కొట్టుకుంటూనే ఉంటాయి. తర్వాత కిరాణం దుకాణం దగ్గర, మీ దిక్కు గిన్నెలు కదిలాయా అని ఎవరో అడిగితే, కదలంది ఎప్పుడని మేమంతా పడీ పడీ నవ్వాం. బాలలక్ష్మి ఒక్కతే నవ్వలేదు. సబ్బు బిళ్ల తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె ఎందుకు నవ్వలేదో చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెప్తాను. తోడబుట్టినవాడని కడుపులో దాచుకుంటే నా కడుపే ఉబ్బుతుంది.

మా అన్న అంబదాస్‌కు నాలుగు సాంచెలు. నేను ఆయన చెల్లెల్ని, ఉండేది ఎదురింట్లోనే, అన్న షెడ్డులో కండెలకు నూలు చుడతాను. అన్న మనిషి బక్కపలచన, మాట మాత్రం బండరాయి. అబద్ధం ఆడడు. ఆడడంటే అంతా మంచితనమే అనుకునేరు, సగం మొండితనం. మా చిన్నమ్మ కూతుర్ని చూసుకోవడానికి వచ్చినవాళ్లు పిల్ల వయసెంతని మర్యాదకు అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పి, చాయ్ చల్లారకముందే వాళ్లను బస్సెక్కించిన ఘనుడు. పెళ్లి భోజనంలో కూర ఎలా ఉందంటే ఉప్పు లేదనేవాడు, అదీ పెళ్లికొడుకు తండ్రి ముఖం మీదే. ఈ మనిషితో ఎట్లా వేగాలని మా వదిన నెత్తి కొట్టుకునేది. అయినా గల్లీలో ఏ తగువు వచ్చినా, పోయి అంబదాస్‌ను అడుగు అనేవాళ్లు. పొలమా పుట్రా, ఆయనకున్న ఆస్తి ఆ పేరు ఒక్కటే.

ఆ పేరును అందరికంటే ఎక్కువ నమ్మింది ఆయన కూతురు ప్రవళిక. సర్కారు బడిలో తొమ్మిదో తరగతి చదువుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరితో వాదన పడినా చివరికి 'మా బాపు చెప్పిండు' అంటుంది, ఇక ఆ మాట మీద మాట లేదు. నేను ఎన్నిసార్లు ఆటపట్టించానో, మీ బాపు చెప్తే పొద్దున పడమట పొడుస్తుందా అని. పొడుస్తుందేమో చూసొస్తా అనేది దొంగముండ.

మూడేళ్ల కింద బాలలక్ష్మి కుల పెద్దల దగ్గరికి పోయింది. ఆమెది అన్న పక్కిల్లు. భర్త శ్రీహరి భీవండిలో సాంచెల మీద పనిచేస్తాడు, ఎప్పుడో పండక్కి వస్తాడు. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది. అన్న షెడ్డుకూ ఆమె పడుకునే అర్రకూ నడుమ గోడ ఒక్కటే. ఆ గోడ తలుపు మూల నుంచి కప్పు దాకా నెర్రె విచ్చిందనీ, ఎన్నిసార్లు సిమెంటు పూసినా మళ్లీ విచ్చుకుంటోందనీ, ఏదో ఒకనాడు తన మీద పడుతుందనీ, సాంచెలు గోడకు దూరం జరిపించమనీ ఆమె మొర. జరపడానికి జాగా ఏది? షెడ్డు అగ్గిపెట్టెంత. జరపాలంటే రెండు సాంచెలు తీసేయాలి, తీసేస్తే ఇల్లు గడవదు. ఆ రోజుల్లో అన్న అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు.

ఇలాంటి తగువులు తీర్చడానికి మా పెద్దలకు ఒక పద్ధతుంది. గోడ గూట్లో చెంబు పెట్టి అంచుల దాకా నీళ్లు పోస్తారు. అవతల సాంచెలు నడిపిస్తారు. నీళ్లు తొణికితే తప్పు సాంచెలవాడిది, తొణకకపోతే గోడది. కుల పెద్ద మొండయ్య తాత, ఇంకా పెద్దమనుషులంతా బాలలక్ష్మి అర్రలో చేరి చెంబు చుట్టూ మూగారు. గోడ అవతల సాంచెలు మొదలయ్యాయి. చప్పుడు చూస్తే చెవులు చిల్లులు పడేట్టుంది. నీళ్లు సన్నగా వణికాయేమో గానీ ఒక్క చుక్క తొణకలేదు.

అప్పుడు బాలలక్ష్మి, అన్ని సాంచెలూ నడుస్తున్నాయో లేదో ఎవరైనా లోపలికి పోయి చూడమంది. అదే ఆమె చేసిన నేరమైంది. పెద్దలకు రోషం పొడుచుకొచ్చింది. సాంచెల చప్పుడులో పుట్టి ఆ చప్పుడులోనే ముసలివాళ్లమైనాం, చెవితో లెక్కపెట్టలేమా అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ చప్పుడుకు మా అందరి చెవులూ సగం పోయాయి, రెండుసార్లు పిలిస్తే గానీ పలకం. అయినా ఏ నేతపనివాడూ ఆ మాట ఒప్పుకోడు. మొండయ్య తాత మాత్రం మర్యాదకు గుమ్మంలోకి వచ్చి అన్నను కేకేశాడు.

"నాలుగు నడుస్తున్నయారా అంబదాసూ?"

"నడుస్తున్నయ్ తాతా. నా మాట."

అంతే, పంచాయితీ తీరిపోయింది. బాలలక్ష్మి అందరి ముందు చేతులు కట్టుకుని తప్పయిందని చెప్పాల్సి వచ్చింది. ఆనాటి నుంచి గల్లీలో ఆమెకు తగాదాల బాలలక్ష్మి అని పేరు పడింది. శ్రీహరి కూడా ఫోన్‌లో ఆమెనే తిట్టాడట, ఊళ్లో పరువు తీస్తున్నావని. ఆమె మంచం ముందరి గదిలోకి జరుపుకుని, ఆ అర్రలో తునికాకు కట్టలు పెట్టుకుంది.

భూమి కదిలిన తర్వాత బడిలో సైన్సు చెప్పే పద్మలత మేడం పిల్లలకు ఒక పని పెట్టింది. భూకంపాన్ని తట్టుకునే ఇల్లు ఎలా ఉంటుందో చేసి చూపించాలి. నమూనా బాగుంటే కరీంనగర్‌లో జిల్లా ప్రదర్శనకు తీసుకుపోతుంది. ప్రవళిక మట్టి పిసికి, చాక్‌పీసులంత ఇటుకలు చేసి, మా ఇంటి డాబా మీద ఎండబెట్టింది. వాటితో రెండు ఇళ్లు కట్టింది. రెండూ ఒక్కలాంటివే, ఒకదానికి మాత్రం అడుగున, తలుపు పైన, కప్పు కింద వెదురుబద్ద పట్టీలు చుట్టూ తిప్పింది. ఇదేమిటే, ఇంటికి వడ్డాణం పెట్టినట్టుందని నేనంటే, పట్టీ ఉంటే నాలుగు గోడలూ చేతులు పట్టుకున్నట్టు ఉంటాయి, ఒక్కటి ఊగితే మిగతావి ఆపుతాయని వివరించింది. నాకు అర్థమైంది. అర్థమైనందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

ఇల్లు కట్టడం సరే, ఊపడం ఎలా? పుస్తకంలో గోలీల మీద పళ్లెం పెట్టి చేత్తో ఊపమని ఉందట. పిల్లలు ఊపితే ఒకరు నెమ్మదిగా, ఒకరు గట్టిగా, మా ఇల్లు పడాలనే గట్టిగా ఊపావని కొట్లాటలు. ప్రవళికకు ఉపాయం తట్టింది. మా సాంచె రెండిళ్లనూ ఒకేలాగా ఊపుతుంది మేడం, అక్కడ పెడదాం అంది.

ఆ మాట విని మా అన్న మురిసిపోయాడు. షెడ్డంతా ఊడ్చాడు, దూది దుమ్ము దులిపాడు, ఉతికిన అంగీ వేసుకున్నాడు. తన ముల్లె తానే విప్పి చూపించబోతున్నాడని ఆ క్షణాన ఆయనకు తట్టనే లేదు. మేడం పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. గోడ పక్కనున్న సాంచెకూ గోడకూ నడుమ నేల మీద చెక్క పరిచి, దాని మీద రెండు ఇళ్లు పెట్టారు. అన్న నాలుగు సాంచెలూ నడిపించాడు. పట్టీలు లేని ఇంటికి ముందు మూల పగిలింది, తర్వాత ఎదురుగోడ వంగి కూలిపోయింది. పట్టీల ఇల్లు ఇటుకలు రాలినా నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అన్న కూడా కొట్టాడు.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. ఈ ఊపు ఎంత దూరం పోతుందో చూద్దామని మేడం అంది. ప్రవళిక గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని, షెడ్డు గుమ్మంలో పెట్టి చూసి, అరుగు మీద పెట్టి చూసి, పక్కింట్లోకి ఉరికింది. బాలత్తా జర గ్లాసు పెట్టుకుంటా అని, ఆ అర్రలో ఆ గోడకున్న అదే గూట్లో పెట్టింది. ముందు నీళ్ల మీద చిన్న చిన్న వలయాలు లేచాయి, తర్వాత అంచు మీదుగా చుక్కలు జారి గోడ తడిసింది. పంచాయితీ నాటికి ఆ పిల్ల చిన్నది, చెంబు సంగతి విన్నదే గానీ చూడలేదు. నీళ్లు ఎగురుతున్నయ్ చూడు బాపూ అని సంబరంగా పిలిచింది. గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. బాలలక్ష్మి ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె గ్లాసు వైపు చూడలేదు, అన్న వైపు చూసింది.

పిల్లలు వెళ్లిపోయాక, సాంచెలు ఆపి అన్న అన్నానికి కూర్చుంటే పోయి నిలబడ్డాను. ఆనాడు తొణకని నీళ్లు ఈనాడు ఎలా తొణికాయని అడిగాను. రెండోసారి గట్టిగా అడిగితే చెప్పాడు. ఆనాడు గోడ పక్కనున్న రెండు సాంచెలకు, మోటారు నుంచి వాటిని తిప్పే పట్టాలు, అంటే బెల్టులు, తీసేశాడు. మోటార్లు ఊరికే తిరుగుతున్నాయి, నడిచింది అవతలి రెండే. లోపలికి ఎవరూ రారని ఆయనకు తెలుసు. పెద్దల చెవుల సంగతి కూడా తెలుసు.

నేను చెడామడా తిట్టాను. కూరలో ఉప్పు లేదని పెళ్లివారి ముఖం మీద చెప్పే మొనగాడివి, ఒక ఆడమనిషి నెత్తిన గోడ పడుతుందంటే నోరెందుకు మూసుకున్నావన్నాను. ఇప్పటికైనా పోయి చెప్పమన్నాను. అన్న చేతిలో ముద్ద కంచంలో పడేశాడు.

"ఏం మొఖం పెట్టుకోని చెప్పాలె చెల్లె? గా పేరు తప్ప నాకేమున్నది? రేపు నా బిడ్డె నా మొఖం ఎట్ల చూస్తది?"

ఆ రోజే చెప్పాల్సింది. అడుసు తొక్కాడు సరే, కాలు కడుక్కోవడానికి నీళ్లు ఎదురొచ్చినా కడుక్కోలేదు.

ప్రవళికకు ఇవేవీ తెలియవు కదా. ఆ పిల్ల గోడనే పట్టుకుంది. పెద్ద భూకంపం ఒక్కసారే వస్తుంది, రోజూ వచ్చే చిన్న ఊపు గోడను ఏం చేస్తుందో చూద్దామని మేడంతో చెప్పింది. మేడం ఒక పద్ధతి చెప్పింది. నెర్రెకు అడ్డంగా పలచటి కాగితం పట్టీ బిగించి అంటించాలి, నెర్రె కదిలితే కాగితం చినుగుతుంది. ప్రవళిక పోయి అడిగితే, అంటించుకో బిడ్డా అని బాలలక్ష్మి తునికాకు కట్టలు పక్కకు జరిపి జాగా ఇచ్చింది. అప్పుడే నూలు రాక సాంచెలన్నీ కొన్నాళ్లు బందయ్యాయి. కాగితం అలాగే ఉంది. నూలొచ్చి సాంచెలు నడవగానే చినిగింది. మళ్లీ అంటించింది, మళ్లీ చినిగింది. ఆ చినిగిన ముక్కలు అట్ట మీద వరసగా అంటించి, సాంచెల ఊపు వల్ల గోడ దెబ్బతింటున్నదని కింద రాసుకుని తండ్రికి చూపించింది.

అన్న చాలాసేపు చూశాడు. నేను కండెలు చుట్టడం ఆపేసి ఆయన ముఖమే చూస్తున్నాను. చెప్పేస్తాడనుకున్నాను. చెప్పలేదు. గోడ పునాది మంచిగ లేదు బిడ్డా, అట్లా మార్చి రాయి అన్నాడు. పిల్ల తికమకపడింది. మరి సాంచెలు బందున్నప్పుడు కాగితం ఎందుకు చినుగలేదు బాపూ అని అడిగింది. పెద్దలు పంచాయితీ చేసి తేల్చారు, ఆనాడు చెంబులో నీళ్లు తొణకలేదు, మొన్న నీ గ్లాసులో తొణికాయంటే అదీ పునాది లోపమే, నేను చెప్తున్నా కదా అన్నాడు. ఆ మాటతో అయిపోయింది. బాపు చెప్పిండు కదా మరి. రాసింది కొట్టేసి, పునాది లోపమని గుండ్రంగా రాసింది. మేడం చూసి కనుబొమ్మలు ముడిచిందట గానీ, ఇంటివాళ్ల మధ్య తగువులో తలదూర్చడం ఎందుకని ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. అన్న పరువు కదా అనుకున్నాను, నా మొహం.

మేడం ప్రవళిక నమూనాను ఎంచింది. ప్రదర్శన రోజున ఆమె వెంట మేం ముగ్గురం కరీంనగర్ పోయాం. బస్సులో మట్టి ఇల్లు నా ఒళ్లో, అట్ట అన్న చేతిలో. ప్రవళిక రెండు జడలకు కొత్త రిబ్బన్లు కట్టుకుంది. అక్కడి బడి వరండా పొడవునా బల్లలు, బల్లల మీద పిల్లల నమూనాలు, జనం తిరునాళ్లలా ఉన్నారు. కాలేజీలో పాఠాలు చెప్పే సారొకాయన ఒక్కొక్క బల్ల దగ్గర ఆగి, అడిగి, మార్కులు వేసుకుంటూ వచ్చాడు. ప్రవళిక పట్టీల ఇల్లు చూపించి గలగలా చెప్పింది. సార్ ముచ్చటపడ్డాడు. చుట్టూ నలుగురు మూగారు. అన్న బల్ల పక్కన అంగీ సర్దుకుంటూ నిలబడ్డాడు.

సార్ అట్ట చూశాడు. కాగితం ముక్కలు వేలితో తడిమి, కింద రాసింది చదివి, మళ్లీ ముక్కలు చూశాడు. సాంచెలు ఆగినప్పుడు చినగలేదు, నడిస్తే చినిగింది, మరి తప్పు పునాదిదని ఎలా రాశావమ్మా అని అడిగాడు. గట్టిగా అడగలేదు, మెల్లగానే అడిగాడు. ప్రవళిక తండ్రి వైపు చూసింది.

"మా బాపు చెప్పిండు సార్."

బాపు చెప్పింది కాదమ్మా, నువ్వు కళ్లతో చూసింది చెప్పు అన్నాడు సార్. వెనకాల ఏదో బడి పిల్లలు కిసుక్కుమన్నారు. ప్రవళిక ముఖం కందిపోయింది. అయినా గొంతు తగ్గించలేదు.

"మా బాపు అబద్ధమాడడు సార్, మా ఊళ్లె ఎవర్నన్న అడుగుండ్రి. నేనే కాగితాలు సరిగ్గ అంటియ్యలేనట్టున్న."

నేను అన్న వైపు చూశాను. ఇప్పుడు కూడా నోరు విప్పడా అనుకున్నాను. ఆయన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. సరేనమ్మా, ఈసారి జాగ్రత్తగా చూడు అని సార్ పక్క బల్లకు పోయాడు. చుట్టూ మూగినవాళ్లు కూడా పోయారు. కన్నకూతురు తన కళ్లను తానే తప్పు పట్టుకుంటుంటే తండ్రి కుక్కిన పేనులా నిలబడ్డాడు. పేరే ఆస్తిగా బతికిన ఇంట్లో పుట్టి ఇది చూశాను. సిగ్గుతో నాకు చచ్చిపోవాలనిపించింది.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. గెలవనందుకు ఏడుస్తుందేమోనని నేను దాని వీపు నిమిరాను. ఏడవలేదు. తండ్రి చేయి పట్టుకుంది.

"బాపూ, నువ్వు పరేషాన్ గాకు. నా వల్లనే గంత మందిల నీకు మాటొచ్చింది. ఈసారి మంచిగ అంటిస్త."

అప్పుడు విరిగింది మా అన్న మొండితనం. భుజం మీది తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బస్సులో జనం చూస్తున్నారు, నాకు ఆ లెక్క కూడా లేకపోయింది. కాసేపటికి తువ్వాల తీసి, పిల్ల ముఖం చూడకుండా ముందు సీటు కడ్డీ చూస్తూ చెప్పాడు.

"కాగితాలు సరిగ్గనే ఉన్నయ్ బిడ్డా. అబద్ధం చెప్పింది నేను."

పట్టాల సంగతి మొత్తం చెప్పాడు, ఏదీ దాచలేదు. ప్రవళిక విన్నది. విన్నంతసేపూ తండ్రి చేయి తన చేతిలోనే ఉంది. చివరికి, బాలత్తకు చెప్పావా అని ఒక్కటే అడిగింది. లేదన్నాడు. అప్పుడు చేయి వదిలేసి కిటికీ వైపు తిరిగింది. ఊరు వచ్చేదాకా ఇటు తిరగలేదు.

మర్నాడు పొద్దున అన్న తానే మొండయ్య తాత ఇంటికి పోయి, పెద్దలందరినీ బాలలక్ష్మి ఇంటికి రమ్మని అడిగాడు. ఆనాడు చెంబు చుట్టూ మూగినవాళ్లే, ఆ అర్రలోనే. అన్న నిలబడి చెప్పాడు. చెప్తుంటే ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చెవితో లెక్కపెట్టిన పెద్దమనుషులు నేల చూపులు చూశారు. అయిందేదో అయింది అని ఒకాయన అనబోతే, మొండయ్య తాత చేత్తో ఆపాడు. అన్న బాలలక్ష్మికి దండం పెట్టి, గోడ పక్క సాంచెలు రెండూ తీసేస్తాననీ, వానలు పడేలోపు తానే గోడ కట్టిస్తాననీ చెప్పాడు. ఆమె తిడుతుందని నేను ఎదురుచూశాను. తిడితే బాగుండని ఎదురుచూశాను. ఆమె నెమ్మదిగానే మాట్లాడింది.

"గోడ పోతె ఇంకోటి లేస్తది అన్నా. గా దినం నా చెవులకు రెండే ఇనవడ్డయ్. మీరందరు నాలుగన్నరు. అప్పటిసంది ఎవ్వలేమన్నా నేనే తప్పు ఇన్ననేమో అనుకుంట బతుకుతున్న."

అన్న దండం పెట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఆమె తునికాకు కట్ట కింద పెట్టి లేచింది. పోయి ముందుగాల ఆ సాంచెలు బంద్ చెయ్యమంది, జరసేపు పడుకుంటానంది. మేమంతా బయటికొచ్చాం. ఆమె తలుపు దగ్గరగా వేసుకుంది.

అన్న ఆ రెండు సాంచెలు ఆపేశాడు. కొనేవాడి కోసం వెతుకుతున్నాడు. ఇల్లు ఎలా గడుస్తుందో ఆయనకే తెలియాలి, వదిన కూడా బీడీలు మొదలుపెట్టింది. గల్లీలో ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. అనరు. కాకపోతే మొన్న ఇద్దరికి అరుగు హద్దు దగ్గర తగువొస్తే, అంబదాస్‌ను అడుగుదామని ఎవరూ అనలేదు. అన్న గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు, ఆయన ముందు నుంచే మొండయ్య తాత దగ్గరికి పోయారు.

నిన్న ప్రవళిక కొత్త అట్ట ముందేసుకుని కూర్చుంది. బడిలో పెట్టడానికి జరిగింది జరిగినట్టు మళ్లీ రాసి తెమ్మని పద్మలత మేడం చెప్పిందట. సాంచె గోడకు ఎంత దూరంలో ఉండేదో రాసే దగ్గర ఆగింది. అన్న దారం చిక్కు తీస్తూ పక్కనే ఉన్నాడు. రెండు జానలు ఉంటుంది బిడ్డా, రాసుకో అన్నాడు. ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. లేచి, గోడకు తగిలించిన కొలత టేపు తీసుకుని షెడ్డులోకి పోయింది. వంగి, సాంచె కాలు నుంచి గోడ దాకా పరిచి చూసుకుంది. అన్న దారం వదిలేసి ఆ పిల్లనే చూస్తున్నాడు. తిరిగొచ్చి అట్ట ముందు కూర్చుంది. అన్న చెప్పింది సరిగ్గానే ఉంది. అయినా కొలుచుకున్నాకే రాసింది.